నిలబెట్టి ప్రింట్ చేసిన పలక

జూన్ 3
నా కంప్యూటర్ మోడల్ పాసైంది! సెకనుకు అర కిలోమీటరు వేగంతో ఇనుప ముక్క వచ్చి తగిలినా మా ప్రింటెడ్ స్టీల్ పలక సొట్టపడుతుంది తప్ప చిట్లదు. బాస్ మొదటిసారి నా పేరు సరిగ్గా పలికాడు.

పలకని టెస్ట్ హాల్లో, గన్ నడిపే గదికి అడ్డుగా పెడతారు. గన్ పేల్చినప్పుడు ముక్కలు ఎటు చిమ్ముతాయో ఎవరూ చెప్పలేరు. ఆ గదిలో కూర్చునేది మా అక్క మొగుడు. మరదలు లెక్క కట్టాక నాకేం భయమని బావ అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడట. సిగ్గేసింది. గర్వంగానూ ఉంది.

జూన్ 11
పలక బిగించారు. చూడటానికి హాల్లోకి వెళ్తూ, నేనుండగా గన్ పేలదు కదా అని అడిగాను. తలుపు పూర్తిగా మూస్తేనే పేలుతుందని బావ నవ్వాడు.

పలక చూడగానే తప్పు తెలిసింది. లేజర్‌తో స్టీల్ పొడిని కరిగించి పొర మీద పొర వేస్తారు. నా మోడల్‌లో పలకని పడుకోబెట్టి ప్రింట్ చేసినట్టు లెక్క. అప్పుడు పొరలు మడిచిన దుప్పటిలా ఒకదాని వెనక ఒకటి దెబ్బని ఆపుతాయి. ఇక్కడ పొరల అంచులు పలక ముఖం మీదే కనిపిస్తున్నాయి. మెషీన్‌లో పట్టలేదని వర్క్‌షాప్ వాళ్లు నిలబెట్టి ప్రింట్ చేశారట. ఎలా చేసినా స్టీలే కదా మేడమ్, అని నన్నే అడిగారు.

జూన్ 12
మోడల్‌లో పొరలు తిప్పి మళ్లీ రన్ చేశాను. ముక్క రెండు పొరల మధ్య దూరి బావ కుర్చీ దాకా వెళ్లింది.

జూన్ 13
బాస్‌కి చూపించాను. ఉత్త సిమ్యులేషనే, కంగారుపడకన్నాడు. పాసైతే వేదవాక్కు, ఫెయిలైతే ఉత్త సిమ్యులేషన్! పైగా ఆమోదం మీద ఉన్న సంతకం నాదేనట. కస్టమర్ వస్తున్నాడు కాబట్టి గన్ పేల్చేది పదహారునే. ఒళ్లు మండిపోయింది.

జూన్ 14
బావకి చెప్పాను. నేను కూర్చోనంటే ఇంకొకణ్ణి కూర్చోబెడతారు, వాడికీ పెళ్లాం ఉంటుందన్నాడు. అక్కకి చెప్పొద్దన్నాడు.

జూన్ 15
అక్క ఫోన్ చేసింది. బాగున్నానన్నాను.

జూన్ 16, ఉదయం పది
హాలు గడప మీద కూర్చుని రాస్తున్నాను. మూసుకోని తలుపు నా వీపుకి ఆనింది. బాస్ అరుస్తున్నాడు. కస్టమర్ వాచీ చూసుకుంటున్నాడు.

బావ వచ్చి, కాస్త జరుగు, నేనూ కూర్చుంటానన్నాడు.