మూడుసార్లు విప్పిన టోపీ

శీనూ,

ఎలా ఉన్నావురా? నువ్వు వెళ్లిపోయి అయిదు నెలలవుతోంది. ఇక్కడ జూన్ ఎండలు మొదలయ్యాయి. కిటికీ అద్దం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది.

ఎవరితో చెప్పుకున్నా "నీ తప్పేముందమ్మా" అని నా నోరు మూయించేస్తున్నారు. నువ్వైతే చివరిదాకా వింటావు... అందుకే రాస్తున్నాను.

ఆ టోపీ సంగతే.

నువ్వు దుబాయ్ దగ్గర జెబెల్ అలీలో కోల్డ్ స్టోరేజీలో చేరిన కొత్తలో, ఒక గురువారం సాయంత్రం షార్జాలో మా ఫ్లాట్‌కి వచ్చి సోఫాలో కూలబడ్డావు. చెవులు కందిపోయి ఉన్నాయి. "లోపల మైనస్ ఇరవై అక్కా. కోళ్లూ, చేపలూ, నేనూ... అందరం గడ్డకట్టడమే" అని నవ్వావు. జాకెట్‌కి హుడ్ ఉంటుంది కదరా అంటే, "అది వేసుకుంటే వెనక ఫోర్క్‌లిఫ్ట్ హారన్ వినబడదు" అన్నావు. చెవులకి తువ్వాలు చుట్టుకుని పనిచేసేవాడివట. అమ్మకి మాత్రం ఫోన్‌లో "నాది ఏసీ ఉద్యోగమే" అని చెప్పావు. పాపం, అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది.

ఆ మర్నాడే రోలా బజారుకి వెళ్లి ముదురు నీలం ఊలు కొన్నాను. ఊలు టోపీ అయితే చెవులు కప్పినా హారన్ వినబడుతుంది కదా. నీ తల చుట్టూ దారం పెట్టి కొలుస్తుంటే చక్కిలిగింతలని ఎంత గొడవ చేశావో...

సాదాగా అల్లేస్తే పది రోజుల్లో అయిపోయేది. కానీ నా తమ్ముడి టోపీ కదా. కాన్వెంట్‌లో సిస్టరమ్మ నేర్పిన జడ డిజైన్ వెయ్యాలనిపించింది. అది పెద్ద విద్యేం కాదు. ప్రతి ఆరో వరసలో మూడు కుట్లు విడిగా తీసి ముందుకి వేలాడదీయాలి. పక్క మూడూ అల్లాక, ఆగిన మూడింటినీ అల్లాలి. అప్పుడు మెలి పడుతుంది. వేలాడదీయడానికి మూడో సూది లేక నా జడపిన్నే వాడాను. మెలి ఎప్పుడూ ఒకే వైపు తిరగాలి, అంతే జాగ్రత్త.

ఆ జాగ్రత్తే నాకు లేకపోయింది. నవంబరులో సగం అయ్యాక చూస్తే ఒక మెలి ఎడమకి తిరిగింది. విప్పేశాను. డిసెంబరులో మళ్లీ అంతే. మళ్లీ విప్పాను. వచ్చినప్పుడల్లా "టోపీ ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాడివి. వచ్చే వారం, వచ్చే వారం అనేదాన్ని.

జనవరిలో ఆ శుక్రవారం దాదాపు పూర్తయింది. పై కుట్లు దగ్గరకి లాగి ముడివేసి, పక్క కుట్టేస్తే చాలు. నీ తలకి చుట్టి కొలత చూడబోతుంటే కనబడింది. మధ్యలో ఒక్క మెలి... తప్పుగా ఉంది. నీ ఎదురుగానే సూదులు లాగేశాను.

"అయ్యో అక్కా! నా తలమీద ఉండేది నాకెలా కనబడుద్ది? ఇచ్చేస్తే పోయేదిగా" అన్నావు. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టరా అన్నాను నేను. నువ్వు ఊలు పట్టుకుని కూర్చుంటే నేను ఉండ చుట్టాను. మనిద్దరం కలిసి చేసిన ఆఖరి పని అదే కదూ?

శనివారం తెల్లారేసరికి పొగమంచు. ఎదురు బిల్డింగే కనబడలేదు. మంచు విడిచాక వెళ్లరా అన్నాను. "మేనేజరు ఊరుకోడు అక్కా, వ్యాన్ కింద ఆగి ఉంది" అంటూ తువ్వాలు మెడకి చుట్టుకుని మెట్లు దిగిపోయావు. నేను చెయ్యి ఊపానా? నువ్వు వెనక్కి తిరిగి చూశావా? ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదురా...

దారిలో ఒక లారీ ఆగి ఉందట. మీ డ్రైవరుకి మంచులో కనబడలేదట. నువ్వు ముందు సీట్లో కూర్చున్నావట.

నిన్ను ఊరికి పంపిస్తుంటే మీ బావ నీ పెట్టెలో ఏమైనా పెడతావా అని అడిగారు. నా దగ్గర ఉన్నది ఊలు ఉండ ఒక్కటే. అదేం పెట్టను?

టోపీ ఉన్నంత మాత్రాన నువ్వు బతికేవాడివి కాదు. అది నాకు తెలుసు. కానీ నవంబరు నుంచి నీ చెవులు వెచ్చగా ఉండేవి. ఆ మాత్రం నేను చెయ్యగలిగి ఉండీ చెయ్యలేదు. ఒక్క మెలి కోసం...

ఏప్రిల్‌లో నీ రూమ్మేట్ మల్లేశం వచ్చాడు. జగిత్యాల అబ్బాయి, నీతోపాటు ఫ్రీజర్‌లోనే పని. నీ బ్యాగు తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మన్నా రాలేదు. నిలబడే చెప్పాడు. "శీనన్న రోజూ అందరికీ చెప్పెటోడక్కా, మా అక్క టోపీ అల్లుతాంది అని. చలికాలం అయిపోతాంది గదా అంటే, మన ఫ్రీజర్ల ఎండాకాలం ఎప్పుడొచ్చింది రా అని నగెటోడు."

అతని చెవుల వైపు చూశాను. నీ చెవుల్లాగే ఉన్నాయి.

ఆ వారమే మళ్లీ మొదలుపెట్టాను. అన్నిసార్లు విప్పిన ఊలు కదా, అంతా వంకీలు తిరిగిపోయింది. నీ కొలతకే అల్లాను... వేరే కొలత నా చేతికి రాలేదు. నాలుగు వరసలు అల్లడం, ఏడవడం, పక్కన పెట్టడం. మే నెలాఖరుకి పూర్తయింది. తిప్పి చూస్తే ఏముంది, ఒక మెలి ఎడమకి తిరిగి ఉంది! చెయ్యి దానంతటదే ముడి దగ్గరికి వెళ్లింది. మీ బావ భయంగా నావైపు చూస్తున్నారు. వద్దురా శీనూ... ఈసారి విప్పలేదు. పక్క కుట్టేశాను.

నిన్న శనివారం బావ నన్ను జెబెల్ అలీ తీసుకెళ్లారు. అయిదు నెలలుగా ఆ రోడ్డెక్కలేదు నేను. పొడుగునా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ఎక్కడ జరిగిందో బావ చెప్పలేదు. నేనూ అడగలేదు. కారు కొంచెం నెమ్మదించిన చోట మాత్రం కళ్లు మూసుకున్నాను.

గేటు బయట ఎండలో నిలబడ్డాం. మధ్యాహ్నం బ్రేక్‌లో మల్లేశం పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఫ్రీజర్ జాకెట్ కూడా విప్పలేదు. టోపీ ఇస్తే రెండు చేతులతో తీసుకుని అక్కడికక్కడే పెట్టుకున్నాడు. చెవులు పూర్తిగా మూసుకున్నాయి. "మంచిగున్నదక్కా" అన్నాడు.

వెళ్లొస్తానంటూ కదులుతుంటే అతని చెయ్యి పట్టుకున్నాను. జాకెట్ చల్లగా ఉందిరా. ఆ మండే ఎండలో కూడా ఎంత చల్లగా ఉందో! నువ్వు రోజంతా ఉన్న చోటు అంత చల్లగా ఉండేదని నా చేతికి నిన్నటిదాకా తెలియదు. వదలబుద్ధి కాలేదు. మల్లేశం కూడా చెయ్యి లాక్కోలేదు. కదలకుండా నిలబడ్డాడు, పాపం. కాసేపటికి ఎండ ఆ చల్లదనాన్ని లాగేసుకుంది. అప్పుడు వదిలాను.

ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

ఏడవనని మాటివ్వలేను శీనూ. వేళకి తింటానని మాత్రం మాటిస్తున్నాను.

నీ అక్క