పది అంకెల ఊపిరి

కొత్తపేట,
అక్టోబరు, 2011.

బిడ్డ జాస్మిన్‌కు అమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల నాన్న, నేను బాగున్నాం. గుంటూరు నర్సింగ్ హాస్టల్లో నువ్వూ వేళకు తింటున్నావనుకుంటాను. ఫోన్లో నాలుగు మాటలకే నాకు ఆయాసం వస్తుంది, అది విని నువ్వు ఏడుస్తావు. ఉత్తరంలో ఆ తంటా లేదు.

స్కాన్ అయిందా అని అడిగావు. అయింది. తెలంగాణ సమ్మెలో బస్సులు లేక నాన్న నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని మూసారాంబాగ్ దాకా తొక్కాడు. "పది అంకెలు లెక్కపెట్టేదాక ఊపిరి బిగబట్టమ్మా. రొమ్ము కదిలితే ఫొటో చెదిరిపోతది" అంది మెషీను దగ్గరి పిల్ల. అంకెలకు బదులు ప్రార్థన చెప్పుకొమ్మని నువ్వు నేర్పినట్టే మనసులో ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాను. పది కాకముందే గబగబా ముగించి, అలవాటు కొద్దీ "ఆమేన్" అని పైకే అనేశాను! ఫొటో మసక. రెండోసారి ప్రార్థన సగంలో, "మా అనుదినాహారము" అని అన్నం అడిగే మాట దగ్గరే ఊపిరి తెగింది. "ఊపిరి ఇడిశినంక ఆపు, ఐదంకెలు సాలు" అందా పిల్ల. అప్పుడు కుదిరింది.

గ్యాస్ రాకముందు, నేను వంట చేసే ఇక్కడి హాస్టల్లో ఏళ్ల తరబడి పీల్చిన కట్టెల పొగ ఊపిరితిత్తుల్ని తినేసిందట. పోయింది తిరిగి రాదట. ఇక పొగ దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. బీడీ ముట్టనిదాన్ని, ఎంత కోపం వచ్చిందో! హాస్టల్ యజమాని సూర్యప్రభమ్మ మంచిదే. "నువ్వు కూర్చుని కూరలు తరుగు బాలమ్మా, చాలు. పొయ్యి సంగతి మేం చూసుకుంటాంలే" అంది.

ఇప్పుడు అసలు సంగతి. చదివి నాన్నను తిట్టకు. మొన్న ఆదివారం చర్చి అయ్యాక మన చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి, మూడొందల మందికి అన్నం. కట్టెలు తడివి, ఎవరు వెలిగించినా అంటుకోలేదు. చూస్తూ ఊరుకోలేక ఊదుగొట్టం అందుకున్నాను. పది అంకెలు ఆగని ఆ ఊపిరితోనే మంట లేపాను. ఆ తర్వాత దగ్గు ఆగక రోడ్డు మీదే కూలబడ్డాను.

"సచ్చిపోతవే బాలమ్మా!" అని నాన్న నా వీపు నిమురుతూ ఏడ్చాడు.

"ఇన్నేండ్లు ఎవరి పిల్లలకో వండిన. మన తెలంగాణ కోసం ఒక్క పూట వండొద్దా?" అన్నాను, మాట మాటకూ ఆగుతూ.

భయం లేదని అబద్ధమాడను. నువ్వు తెల్ల బట్టలేసుకుని డ్యూటీకి పోతుంటే చూడాలని ఉంది. అందుకే వచ్చే ఆదివారం మళ్లీ పెట్టే వంటావార్పులో ఊదుగొట్టం నాన్న చేతికిచ్చి, పొగ రాని పక్కన నిలబడతాను. గరిటె మాత్రం ఎవరికీ ఇవ్వను.

ఇట్లు,
నీ అమ్మ
బాలమ్మ