మందును బయటికి తోసిన కణాలు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు రెండేళ్లు. నీ క్యాన్సర్‌కు ఇచ్చిన మూడో మందు కూడా పనిచేయలేదని డాక్టరు చెప్పిన రోజున, బావ ఆయన కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. "నకిలీ మందు ఎక్కించి నా పెండ్లాన్ని చంపుతున్నరు!" అంటూ ముఖం మీద గుద్దాడు. ఆపడానికి నువ్వు మంచం దిగితే సెలైన్ సూది ఊడి నీ చెయ్యంతా రక్తమైంది.

నిన్న బావను మా కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లి, మైక్రోస్కోపులో క్యాన్సర్ కణాలు చూపించాను. మెరిసే రంగున్న మందు లోపలికి వెళ్లగానే కణాలు దాన్ని బయటికి తోసేశాయి.

"ఒక మందును తోసుడు నేర్చినయంటే వేరే మందులను గూడ తోస్తయ్ బావా," అన్నాను.

ఆ తోసే దారిని మూసే మందు ముందే కలిపి, తర్వాత అదే రంగు మందు వేసిన ఇంకో గాజు పళ్లెం చూపించాను. అందులో కణాలన్నీ చిట్లి చచ్చిపడి ఉన్నాయి.

"గిది మీ అక్కకెందుకు ఇయ్యలే?"

"మనుషులకిస్తే మంచి కణాలు గూడ చస్తున్నయ్ బావా. ఇంకా వెతుకుతున్నరు."

"అంటే... డాక్టర్ సాబ్ ఇచ్చింది అసలు మందేనా?"

ఈ రోజు బావ బట్ట నేసే లూమ్ కార్ఖానాకు పనికి పోలేదు. ఇక్కడే సూరత్‌లో నీకు మందులు ఎక్కించిన అదే ఆసుపత్రికి నన్ను తోడు తీసుకెళ్లాడు. బావను చూడగానే గుర్తుపట్టి డాక్టరు భయంతో వెనక్కి జరిగాడు. బావ లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మాఫీ అడిగాడు.

నీ చెల్లెలు
సుజాత