సరుగుడు తోటలోని గొట్టాల విషయమై

వాతావరణ ధ్వని పరిశీలన ప్రాజెక్టు అధికారి గారి సముఖమునకు,
అక్కుపల్లి దగ్గరి మత్స్యకారపేట నుండి డిగ్రీ రెండవ సంవత్సరం భౌతికశాస్త్ర విద్యార్థిని ప్రవల్లిక సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పేట సరుగుడు తోటలో అమర్చిన ఆప్టికల్ ఫైబరు గొట్టాలను వేరొక చోటికి మార్చుట గురించి.

1. తుఫాను దూరాన ఉండగానే సముద్రం మీద పుట్టే, మనిషి చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్య ధ్వనిని పట్టుటకు తమరు సదరు గొట్టాలు అమర్చియున్నారు. మా మగవాళ్లు వేటకు పోయేవాళ్లు కనుక ఇది మాకు ఎంతో మేలు. అభ్యంతరం ఎంతమాత్రమూ లేదు.

2. అయితే సదరు తోట మా ఆడవాళ్లు తెల్లవారకముందు వెళ్లే చోటు. ఎందుకు వెళ్తారో రాయడానికి మర్యాదైన మాట కోసం నిఘంటువులో చాలాసేపు వెతికాను. 'బహిర్భూమి' అని ఉన్నది. మా మరుగుదొడ్ల గోతులు గాలివానకు ఇసుకతో పూడిపోయినవి.

3. తమ కాపలాదారు, మా పేటవాడే అయిన హేమంత్ టీకొట్టు దగ్గర అందరి ఎదుట మా ఆడవాళ్లను చూసి, "మీరు కూసున్నా, లెగిసినా కంప్యూటర్లో గీతలు పడతన్నాయి" అని నవ్వినాడు. నాటినుండి ఆడవాళ్లు తోటకు పోవుట లేదు. చీకటి పడ్డాక దూరంగా ఒడ్డుకు పోవుచున్నారు. అందాకా ఆపుకొనుటకై పగలు నీళ్లు తాగుట మానివేసినారు.

4. గొట్టాలు మన చప్పుళ్లు వినవని చెప్పితిని. "సెవికి ఇనపడందాన్నే ఇంటాదంట, ఇనపడీది ఇనదేటే?" అని మా పెద్దమ్మ బొడ్డమ్మ అడిగినది. పెద్ద కన్నుల వలలో నెత్తళ్ల లాంటి చిన్న చేప నిలవదు కదా, ఇదీ అంతే అన్నాను. "నెత్తళ్లు ఒక్కోపాలి అంటుకుంటాయి గదే పిల్లా! మీ మేష్టారినడుగు" అన్నది. అందరూ నవ్వారు. దగ్గరగా నడిస్తే ఆ కుదుపు గొట్టానికి తెలుస్తుందని నాకు తెలుసు. అందుకే నవ్వలేకపోయాను.

5. మా అమ్మ జానకికి మూత్రపిండాలు దెబ్బతినుట మొదలైనది. పలాసలో డాక్టరు గారు నీళ్లు బాగా తాగమన్నారు. అమ్మ పగలు గుక్కెడు కూడా తాగుట లేదు. ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకావడం లేదు సార్.

కావున సదరు గొట్టాలను జీడితోటల అవతలికి మార్పించి, ఆ సంగతి ఎవరైనా మేడం గారి చేత మా ఆడవాళ్లకు చెప్పించ ప్రార్థన. హేమంత్‌ను ఉద్యోగంలోంచి తీయవద్దు. వాళ్లమ్మ కూడా అటు పోవుట లేదు.

ఈ నాలుగు మాటలు చిత్తమందుంచుకొని దయచూడవలెను.

తమ విధేయురాలు,
ప్రవల్లిక

తా.క.: సార్, ఇప్పుడే అమ్మకు చెంబుతో నీళ్లిచ్చి తాగమన్నాను. "సైన్సు సదివినావు గదా, ముందు నువ్వు తాగి తోటలోకెల్లి రా. అప్పుడు నాను తాగుతాను" అంది. చెంబు ఇంకా నిండుగానే ఉంది.