అన్నయ్యా, ఆ నోటుబుక్కు పారెయ్యకు

గాజువాక,
ఆదివారం

అన్నయ్యకు నూకరత్నం నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ, వదిన, చంటిది కులాసాయేనా? నా గురించి బెంగ వద్దు, వేళకి తింటున్నాను. కాకపోతే ఇక్కడ ఎంత మంచి చేప కొన్నా మన పడవ దిగిన చేప రుచి రాదు.

మొన్న ఫోన్లో, వేట చోట్లన్నీ జీపీఎస్‌లో ఎక్కించేశాను, నాన్న గుర్తుల నోటుబుక్కు తూకానికి వేసేస్తానన్నావు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

రోజూ రెండు బస్సులు మారి రుషికొండలో ఆఫీసుకి వెళ్తున్నాను. మేం తయారుచేసే యాప్ ఎవరి ఫోన్లోనైనా ఉన్నట్టుండి ఆగిపోతే మాకు రిపోర్టు వస్తుంది. దాన్నిండా అంకెలే. ఏ అంకె యాప్‌లో ఏ చోటిదో చెప్పే ఫైలు వేరే ఉంటుంది. కొత్త యాప్ ఫైలు పాతదానికి పనికిరాదు.

పోయిన నెల కొత్త యాప్ వచ్చింది కదా అని పాత ఫైళ్ళన్నీ చెరిపేశాను. శుభ్రం చేశానని మురిసిపోయాను కూడా. వారం తిరక్కుండా పాత యాప్ వాడేవాళ్ళ దగ్గర్నుంచి రిపోర్టులు మొదలయ్యాయి. ఒక్కటీ అర్థం కాలేదు. మా ఆఫీసు పెద్దాయన తిట్టలేదు.

"కొత్తది మనం సేసినాం గానీ, ఆల్ల సేతుల్లో పాతదే ఉంది కదమ్మా" అన్నారు.

తిట్టినా బాగుండేది. చివరికి ఒక మూలనున్న కంప్యూటర్లో కాపీ దొరికింది. దాంతో చదివితే యాప్‌లో తప్పున్న లైను ఇట్టే తెలిసిపోయింది.

నీ జీపీఎస్‌లోవీ అంకెలే అన్నయ్యా. చోటుకి తీసుకెళ్తాయి, అంతే. పడవలోంచి చూసినప్పుడు కొండమీది గుడీ ఒంటి తాడిచెట్టూ ఒక వరసకొస్తే కింద రాళ్ళున్నాయని, అక్కడ వల వెయ్యకూడదని అవి చెబుతాయా? నాన్నకి రాయడం రాదు. వల బాగుచేసుకుంటూ చెప్పేవాడు, నేను ఇసుకలో కూర్చుని రాసేదాన్ని. ఆటకి పోతానని పెన్ను పడేస్తే బతిమాలేవాడు.

"నాను లేనప్పుడు మీ అన్న సూసుకుంటాడు, రాయమ్మా."

ఆ గొంతు తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఆ కోడిగీతలు అర్థం కావడంలేదన్నావు. నిజమే, తొందరలో గీకాను. అవి చదవగలిగేది నేనొక్కదాన్నే. వచ్చే ఆదివారం వస్తాను, పేజీ పేజీ చదివి చెబుతాను, నువ్వు కూర్చుని విను. నేను పడవెక్కేదాన్ని కాదని నాన్నకి తెలియదా? నాచేత రాయించింది నీకోసమే.

అమ్మకి నా దండాలు, చంటిదానికి ముద్దులు. నీ దీవెన నామీద ఉండాలి.

నీ చెల్లెలు
నూకరత్నం