బాపు జేబులో బెల్లం

గోదావరిఖని, 1966, శుక్రవారం రాత్రి

బాపు దగ్గుకు బొగ్గు దుమ్మే కారణమని అందరం నమ్మాం. గని నుంచి రాగానే, దుమ్ము దిగిపోతుందని అవ్వ రోజూ బెల్లం ముక్క ఇచ్చేది. ఈరోజు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాం. ఎక్స్‌రే చూసిన డాక్టరు కడుపు కూడా నొక్కి చూశాడు. గడ్డ తగిలిందట. క్యాన్సర్ అక్కడ పుట్టి ఊపిరితిత్తులకు పాకినట్టుందట, ఇలా ముందు దగ్గుతో బయటపడటం చాలా అరుదట.

"తిండి వోతలేదని ఎందుకు చెప్పలే బాపూ?"

"దగ్గుకే మీ అవ్వ పరేషాన్ అయితుండె బిడ్డా. గిదొకటి ఎందుకని..."

రోజూ పక్కనే కూర్చుని తిన్నాను. ఆయన కంచం ఎందుకు చూడలేదు?

ఇంటికొచ్చి ఆయన గని చొక్కా ఉతకబోతే, జేబు నిండా చీమలు పట్టిన బెల్లం ముక్కలు.

అవ్వకు ఇంకా ఏమీ చెప్పలేదు. పొద్దున బాపుకు ఇవ్వమని ఇప్పుడే ఇంకో ముక్క కొట్టి నా చేతిలో పెట్టింది.