నాన్న అరికాళ్ళ మంట

అమ్మా, నేను కులాసా. నాన్న అరికాళ్ళ మంటలు పోయాయన్న నీ ఉత్తరం చూసి నిన్నటిదాకా సంతోషంగానే ఉన్నాను. మా పరిశోధనకు వచ్చే, నాన్నలాంటి షుగరు రోగుల్లో ఒక టైలరుగారు నిన్న, "మంట పోయిందమ్మాయ్, ఇక నీకు నాతో పనిలేదు" అంటూ కాళ్ళు చాపారు. మడమలో విరిగిన సూది ఉంది. ఆయనకు తెలియనే తెలియదు. షుగరుకు నరం దెబ్బతింటే మంట పుడుతుంది. ఆ నరం బొత్తిగా చచ్చిపోయినా మంట పోతుందమ్మా. నాన్నను కళ్ళు మూసుకోమని అరికాలికి దూది తాకించి, తెలిసిందో లేదో రాయి. వట్టి కాళ్ళతో తిరగనివ్వకు. చెల్లి కళ్ళజోడు మార్చారా? ఇక్కడ నాతో మాట్లాడేది రోగులే, అదీ నొప్పుల గురించే. "ఇంకా మండుతున్నాయే" అని నాన్న విసుక్కుంటే ఆ మాట రాయి. నాకు అంతకన్నా మంచి కబురు లేదు. ఇద్దరికీ నమస్కారాలు.

మీ పెద్దది